బాపు ముందు ఎగిరినవాళ్లు

ఖిలా వరంగల్,
ఫిబ్రవరి, 2025.

కాశిఫ్,

బాగున్నావా అని అడగను. బాగానే ఉన్నావు, నిన్న చూశాను. మన బ్యాండ్ పేరు నెట్‌లో కొడితే వచ్చావు. ఏదో దేశం, ఏదో క్లబ్బు. పొగ, ఎర్ర లైట్లు, నల్ల బట్టలేసుకున్న జనం. వెనక గుడ్డ మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ‘ఖుష్‌మహల్’ అని ఉంది. మా ఇంటి వెనక కోటలో ఉన్న కట్టడం పేరు అంత దూరం పోయిందని ముందు సంబరపడ్డాను, అబద్ధం చెప్పను. ఆ తర్వాత ఇంకో పాట మొదలైంది. ఇనుప రేకుల మోత, మెషీన్ల రొద, వాటి మధ్యలోంచి మా అమ్మ గొంతు.

బ్యాండ్ వదిలి వచ్చేటప్పుడు నేను నిన్ను అడిగింది ఒక్కటే. సింథసైజర్ అడగలేదు, స్పీకర్లు అడగలేదు. అమ్మ ఏడుపున్న పాట ఇక వాయించొద్దన్నాను. "నీ మీదొట్టు" అన్నావు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టావన్నమాట.

నీకు తెలియనిది కాదు, అయినా గుర్తు చేస్తాను. కరోనా రెండోసారి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో మన గదిలో నేను జ్వరంతో పడి ఉన్నాను. నువ్వు కషాయం కాచి పోస్తున్నావు. ఇక్కడ దవాఖానలో బాపు పోయాడు. ఇంటికి ఇవ్వలేదు, బండిలో అటునుంచి అటే తీసుకుపోయారు. వాడకట్టు వాళ్లెవరూ గడప దాటలేదు. చెల్లె వినోద స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కదలలేకపోయింది. అమ్మ గడపలో కూర్చుని నాకు ఫోన్ చేసి, ఆ ఫోన్‌లోనే శోకం పెట్టి ఏడ్చింది. నా ఫోన్ ప్రతి కాల్‌నూ దానంతటదే రికార్డు చేస్తుందని నాకప్పుడు గుర్తు కూడా లేదు.

ఆ రికార్డు మీద పాట కట్టింది మనిద్దరమే. తప్పు నీ ఒక్కడిదే అనను. ఆ రోజుల్లో ఆ గొంతును ఏదో ఒకటి చెయ్యకపోతే బతకలేననిపించింది. తర్వాత మొదటిసారి జనం ముందు వాయించినప్పుడు, చేసిందేమిటో తెలిసింది. అందుకే వదిలేసి వచ్చి ఇక్కడ పెళ్లిళ్లకు డీజే బాక్సులు కిరాయికిచ్చుకుంటున్నాను.

ఫోన్ చేసి తిట్టొచ్చు. కానీ ఆ రోజు నుంచి ఫోన్ చెవికి పెట్టుకుంటే నాకు మాట పెగలదు. అందుకే మెయిల్‌లో రాస్తున్నాను. ఆ పాట తీసెయ్. అమ్మకు ఇదేమీ తెలియదు, తెలియకూడదు.

భాను


లైప్‌జిగ్, జర్మనీ,
మార్చి, 2025.

భానూ,

తిట్టడానికైనా రాశావు, సంతోషం. నాలుగు రోజులు నీ ఉత్తరం చదువుతూనే ఉన్నాను. ముందు ఇక్కడి సంగతులు చెప్పనీ, చదివేలోపు నీ కోపం జర దిగుతుంది.

బ్యాండ్‌లో ఇప్పుడు ఇద్దరం. నేను, తోమాస్. వాడు నూనె పీపాలు, రేకులు, గొలుసులు వాయిస్తాడు. ఊరూరికీ వ్యాన్‌లో పోతాం, మాతో ఇంకో రెండు బ్యాండ్లుంటాయి. పొద్దంతా ప్రయాణం, సాయంత్రం సామాను మోత. ఆంప్లిఫయర్ భుజానికెత్తుకుని ఇరుకు మెట్లెక్కుతుంటే నాకు మూటలు మోసే మీ బాపు, మొగిలి కాకే గుర్తొస్తాడు. చూస్తే అనేవాడే, "గింత సదువు సదివి నా లెక్క హమాలీ పనే చేస్తాన్నవుర" అని. షో అయ్యాక క్లబ్బు మీది గదిలో పడక, రొట్టె, చప్పటి సూపు. మా అమ్మీ పెట్టిన మామిడికాయ తొక్కు సీసా అడుగంటింది. తోమాస్ దాన్ని రొట్టెకు రాసుకు తింటున్నాడు, ఏం చెప్పను.

పోయిన వారం వాయించిన క్లబ్బు ఒకప్పుడు బట్టల మిల్లు. పైకప్పుకు కొక్కేలు ఇంకా అలాగే ఉన్నాయి. మన దగ్గర మిల్లు మూతపడితే ప్లాట్లు చేస్తారు, వీళ్ల దగ్గర మూతపడితే పాటలు పెడతారు.

ఇక అసలు సంగతి. భానూ, ఆ పాట తీసేస్తే మాకు ఏమీ మిగలదు. క్లబ్బుల వాళ్లు పిలిచేటప్పుడే "ఆ గొంతు పాట ఉంటుంది కదా" అని అడుగుతారు. దాన్ని అమ్మలేదు, ఎక్కడా విడుదల చెయ్యలేదు, షోలోనే వాయిస్తాను. చిన్నమ్మ గొంతు మొదలుకాగానే హాలంతా కదలకుండా నిలబడిపోతుంది. కొందరు కళ్లు తుడుచుకుంటారు. కాక కోసం ఇంతమంది ఊరుగాని ఊళ్లో ఏడుస్తున్నారంటే అది తప్పెలా అవుతుంది?

ఆయన ఎలాంటి మనిషి! వాడకట్టులో ఎవరి పీనుగ లేచినా డప్పుల ముందు చిందులేస్తూ ఎగిరేది ఆయనే. మా దాదా జనాజా పోతుంటే కూడా ఎగరబోయాడు, మా అబ్బా వచ్చి పట్టుకున్నాడు. "డప్పుల్లేకుంట గిదేం సాగనంపుడు భాయ్?" అని దారి పొడుగునా సణుక్కుంటూనే వచ్చాడు. ఆ మనిషిని ఎవరూ లేకుండా పంపించాం. ఆ బాధ నీ ఒక్కడికే ఉందనుకోకు.

జర ఆలోచించు.

నీ కాశిఫ్


ఖిలా వరంగల్,
మే, 2025.

కాశిఫ్,

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఇంకో మూడు వీడియోలు చూశాను. కదలకుండా నిలబడ్డారా? చేతిలో బీరు సీసాలు పట్టుకుని ఎగురుతున్నారు. అమ్మ "నన్నెవల చేతుల పెట్టి పోతివయ్యా" అన్న చోట తోమాస్ పీపా మీద దెబ్బ వేస్తాడు, అంతా ఒక్కసారి గాల్లోకి లేస్తారు. నా చెవిలో పువ్వు పెట్టకు.

బాపు పోయింది ఈ నెలలోనే. ఆయన పేరు మీద అయ్యగారికి బియ్యం, పప్పు ఇచ్చి వచ్చాం. అమ్మ ఆ ఒక్క రోజు తర్వాత ఇన్నేళ్లలో మళ్లీ గొంతెత్తి ఏడవలేదు. నీకు మా పద్ధతి తెలుసు. వినోద చిన్నప్పుడు ఎవరింట్లోనో చూసి వచ్చి, ఆటకు శోకం పెట్టింది. అమ్మ మూతి మీద ఒక్కటి వేసింది. "సావు లేని ఇంట్ల శోకం పెడ్తవా? ఎవన్ని మింగుతవే?" అని. అప్పుడు నువ్వూ మా అరుగు మీదే ఉన్నావు, ఆమె కోపం చూసి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తావు. అలాంటిది నువ్వు ఊరూరా, షో షోకూ మా ఇంటిని సావు ఇల్లు చేస్తున్నావు.

ఆమెకు తెలిస్తే ఏమవుతుందో నేను ఊహించలేను. నా ఫోన్లో, కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేశాను. మిగిలింది నీ దగ్గరే. నువ్వూ తుడిచెయ్. లేదంటే నా ముఖం చూడకు, నీ ముఖం చూపించకు.

భాను


బ్రనో, చెక్ దేశం,
జూలై, 2025.

భానూ,

నువ్వన్నది నిజం. నేను రాసింది అబద్ధం. వాళ్లు ఎగురుతారు. ఆ పాటకే అన్నిటికంటే ఎక్కువ ఎగురుతారు. అది చూడలేక నేను ఆ పాట ఉన్నంతసేపూ తల వంచుకుని మెషీన్ మీది మీటలు సర్దుతున్నట్టు నటిస్తుంటాను. అక్కడ సర్దడానికి ఏమీ ఉండదు.

నిన్న షో అయ్యాక వైర్లు చుడుతుంటే ఒక అమ్మాయి వచ్చింది. పద్మలత అట, మన పరకాల పిల్ల, ఇక్కడ చదువుకుంటోంది. స్నేహితులు లాక్కొస్తే వచ్చిందట. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, గది శోకం గదా?" అంది.

అవునన్నాను.

"మీ ఇంట్ల ఎవలు సచ్చిపోయిండ్రు?"

"మా దోస్తు వాళ్ల నాయిన."

"మరి మీ దోస్తుకు ఎరుకేనా, వీళ్లు గిట్ల ఎగురుతాండ్రని?"

నేను మళ్లీ వైర్లు చుట్టడం మొదలుపెట్టాను. ఆ పిల్ల వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇన్ని ఊళ్లలో ఒక్కరికీ ఆ మాటలు అర్థం కావు కదా అనే ధైర్యంతో వాయించానని నాకప్పుడు తెలిసింది. అర్థమయ్యే మనిషి ఒక్కరు రాగానే నా ముఖం చెల్లలేదు.

తీసేస్తాను భానూ. సెప్టెంబర్‌లో లైప్‌జిగ్‌లో పెద్ద షో ఉంది, ఆదివారం సాయంత్రం. తేదీ చూస్తే మన పెత్తరమాస. చనిపోయినవాళ్లకు అన్నం పెట్టే రోజున ఆ పాపం చెయ్యను. క్లబ్బు వాళ్లు నెట్‌లో లైవ్ కూడా ఇస్తారు. నమ్మకం లేకపోతే చూసుకో.

కాశిఫ్


ఖిలా వరంగల్,
ఆగస్టు, 2025.

కాశిఫ్,

ఉత్తరం అందింది. తీసేస్తానని ఇంతకుముందు కూడా అన్నావు. చూద్దాం.

వినోద రాఖీకి వచ్చి వెళ్లింది. అమ్మ బాగానే ఉంది. ఇక్కడ వానలు, పెళ్లిళ్లు లేవు, బాక్సులు షాపులోనే ఉన్నాయి.

పెత్తరమాస నాటి ఆ షో లింకు పంపు. మనకు అప్పటికి ఎన్ని గంటలవుతుందో కూడా రాయి.

భాను


లైప్‌జిగ్,
సెప్టెంబర్ 22, 2025.

భానూ,

చూశావు కదా! ఈసారైనా మాట నిలబెట్టుకున్నానా లేదా?

లింకు అడిగినప్పుడే అనుకున్నాను, నన్ను పరీక్ష పెడుతున్నావని. మంచిదే, పరీక్షలో పాసయ్యాను. షోకు ముందు తోమాస్‌తో పెద్ద గొడవ అయింది. "ఆ పాట కోసమే హాలు నిండింది, నీకు పిచ్చా?" అన్నాడు. అది మా ఇంటి సావు, మీ పండుగ కాదు అన్నాను. పాపం వాడికి ఇన్నాళ్లూ అదేమిటో నేను చెప్పనే లేదు. చెప్పాక కుర్చీలో కూలబడి, వాడి లాప్‌టాప్‌లో ఉన్నది వాడే తుడిచేశాడు. నా దగ్గరున్నదీ, దాచిపెట్టిన డిస్కులో ఉన్నదీ అన్నీ తుడిచేశాను. ఎక్కడా మిగల్లేదు.

పాట మొత్తం తీసేస్తే క్లబ్బు వాళ్లు ఊరుకోరని, గొంతు రావలసిన చోట ఖాళీ వదిలాను. ఏమీ లేదు, ఒట్టి నిశ్శబ్దం. జనం కాళ్లు లేపబోయి ఆగిపోయారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరిదాకా అలాగే నిలబడ్డారు. చూడు, మార్చిలో నీకు రాసిన అబద్ధం నిన్న నిజమైంది.

ఎన్నో ఏళ్ల తర్వాత నిన్న హాయిగా నిద్రపోయాను. చిన్నమ్మకు ఏమీ చెప్పకు. ఆమెకు తెలియకుండానే అంతా సర్దుకుంది.

నీ కాశిఫ్


ఖిలా వరంగల్,
సెప్టెంబర్ చివర, 2025.

కాశిఫ్,

నీ ఉత్తరం చూశాను. నిన్ను తిట్టడానికి నాకు హక్కు లేదు. నువ్వు నేను చెప్పిందే చేశావు.

ఆగస్టులో నీకు రాయనిది ఇప్పుడు రాస్తాను. వినోద రాఖీకి వచ్చినప్పుడు, "కాశిఫన్న ప్రోగ్రాం చూడవే అమ్మా" అని ఫోన్‌లో వీడియో పెట్టింది. దానికేం తెలుసు, ఆ పాట అదేనని! నేను షాపు నుంచి వచ్చేసరికి అయిపోయింది. అమ్మ గడపలో కూర్చుని ఉంది, చేతిలో ఫోన్. వినోద ఒక మూల ఏడుస్తోంది.

అమ్మ నన్ను చూసి అడిగిన మొదటి మాట ఇది. "వీళ్లెవలు బిడ్డా?"

"అక్కడి జనం అమ్మా. తెలువక ఎగురుతాండ్రు. వాన్ని తీసెయ్యమన్న."

"ఎందుకు తీసేసుడు?" అంది. మళ్లీ వీడియో పెట్టమంది. చివరిదాకా చూసింది. "మీ బాపు వాడకట్టుల ఎవల్నీ ఒంటిగ పోనియ్యలే. అందరి ముంగట ఎగిరిండు. ఆయనె ఒంటిగ పోయిండు. డప్పు లేకపాయె, మనిషి లేకపాయె, దింపుడు కల్లం కాడ పేరు పెట్టి పిలిచెటోడు లేకపాయె. ఇగో, ఇప్పుడు చూడు, ఎంతమంది ఎగురుతాండ్రో."

నేను నోరు తెరిచి, "సావు లేని కాడ శోకం పెట్టద్దంటివి గదనే" అన్నాను.

"గది మనూరికి. గాడ ఎవలకెరుక, ఎప్పుడు సచ్చిండో? వాళ్లకు ఇయ్యాల్నే పోయినట్టు."

అప్పుడే నీకు రాయాల్సింది. రాయలేదు. ఇన్ని నెలలు వద్దు వద్దని, ఇప్పుడు వాయించరా అని ఏ ముఖంతో రాయాలి? పైగా నువ్వు తీసేస్తావని నేను నమ్మనే లేదు. నువ్వు మాట వినే రకం కాదు, ఎలాగూ వాయిస్తావు, నేను తల వంచకుండానే అమ్మ కోరిక తీరుతుంది అనుకున్నాను. అందుకే లింకు ఒక్కటే అడిగాను.

పెత్తరమాస నాడు అమ్మ మటన్ వండింది, కల్లు తెప్పించింది, బాపుకు విస్తరి వేసింది. బాపుతో మూటలు మోసిన యాకయ్యను, పక్కింటి రాజక్కను పిలిచింది. వినోద వచ్చింది. నేను షాపు నుంచి డీజే బాక్సులు తెద్దామంటే అమ్మ వద్దంది. "సప్పుడు మెల్లగ పెట్టు. వాడకట్టుకు ఇనొద్దు. సూస్తె సాలు." టీవీ ముందు చాప వేసుకుని కూర్చున్నాం. నువ్వు కనిపించగానే రాజక్క, "ఖతీజాబీ కొడుకు బక్కగైండు" అంది.

ఆ పాట మొదలైంది. రేకుల మోత గుర్తుపట్టి అమ్మ కొంగు సర్దుకుని ముందుకు జరిగింది. తర్వాత నీ ఖాళీ వచ్చింది. ఎగరబోయిన జనం ఆగిపోయారు. అమ్మ నా వైపు చూసి, "ఇప్పుడొస్తదా?" అంది. వస్తదన్నాను. కాసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ వస్తదన్నాను. తర్వాత ఇంకో బ్యాండు వాళ్లు వచ్చారు.

"పోనీ తియ్. గాడ కరెంటు పోయిందో ఏమో" అని అమ్మ లేచి యాకయ్యకు వడ్డించింది. నేను ఏం చేశానో ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

భాను


లైప్‌జిగ్,
అక్టోబర్, 2025.

భానూ,

ఎన్నిసార్లు చదివినా అదే ఉత్తరం. ఒక్క ముక్క రాసి ఉంటే! ఒక్క ముక్క!

నిన్ను అనడమెందుకు. ఆమెను అడగకుండా వాయించింది నేను, ఆమెను అడగకుండా తీసేసింది కూడా నేనే. చిన్నమ్మ గొంతు గురించి మనిద్దరం కొట్టుకున్నాం, చిన్నమ్మను మాత్రం ఒక్కరమూ అడగలేదు.

తుడిచేసినదాన్ని వెనక్కి తెచ్చేవాళ్లుంటారని ఇక్కడ ఇద్దరి చుట్టూ తిరిగాను. కాదన్నారు. తోమాస్ కూడా వెతికాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం.

నేను వస్తాను. డిసెంబర్‌లో షోలు లేవు. తోమాస్ కూడా వస్తానంటున్నాడు. యాకయ్య కాకకు చెప్పు, డప్పులు మాట్లాడు. ఇంటి నుంచి శ్మశానం దాకా కాక పోవలసిన దారిలో వాయించుకుంటూ పోదాం. ముందు నేను ఎగురుతాను. మా అబ్బా వచ్చి పట్టుకున్నా ఆగను. చిన్నమ్మను అడుగు. ఈసారి అడిగి చెప్పు.

కాశిఫ్


ఖిలా వరంగల్,
అక్టోబర్ చివర, 2025.

కాశిఫ్,

అడిగాను. ముందు మన సంగతంతా చెప్పి, తర్వాత అడిగాను. నువ్వెందుకు తీసేశావో, నేనెందుకు రాయలేదో అన్నీ చెప్పాను. ఆమె కోప్పడలేదు. కోప్పడితే నాకు సులువుగా ఉండేది.

డప్పుల మాటకు తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు డప్పు కొట్టుకుంట పోతె, ఎవలు సచ్చిండ్రని ప్రతి ఇంట్ల నుంచి వచ్చి అడుగుతరు. ఏమని చెప్తం? సావు లేకుంట గీ తొవ్వల డప్పు పోవద్దు బిడ్డా. ఈడ అయ్యేటిది అప్పుడే కావాలె. గాడనే అయ్యేది, గాడ ఎవలకు ఎరుక లేదు కాబట్టి." యాకయ్య కూడా అదే అన్నాడు. అంటే, బాపును సాగనంపగలిగిన చోటు ఈ భూమ్మీద ఒక్కటే ఉండింది, నీ క్లబ్బు. దాన్ని నేనే మూయించాను.

అయినా నువ్వు రా. నీకు కూడా అన్నం పెడతానంది.

వినోద ఫోన్‌లో చూసిన వీడియో ఒకటి ఉంది, ఎవరో జనంలోంచి తీసింది. అమ్మ ఇప్పుడు ఫోన్ నొక్కడం నేర్చుకుంది, దానికోసమే. మధ్యాహ్నం తిన్నాక గడపలో కూర్చుని చూస్తుంది. ఆ అరుపుల్లో, రేకుల మోతలో ఆమె గొంతు సగం కూడా వినపడదు. దానికి ఆమెకు ఫికర్ లేదు. ఎగిరేవాళ్లనే చూస్తుంది. చివర్లో కెమెరా ఒకసారి స్టేజీ వైపు తిరుగుతుంది. నువ్వు కనిపిస్తావు, తల వంచుకుని, మెషీన్ మీదికి ఒంగి.

అక్కడ ఆపి నాకు చూపించింది. "ఎగిరెటోళ్లు ఎగురుతాండ్రు. ఏడ్చెటోనివి నువ్వు రాకపోతివి. గీడు ఏడుస్తాండు సూడు, కొడుకు లెక్క" అంది.

నువ్వు మీటలు సర్దుతున్నట్టు నటిస్తున్నావని నేను చెప్పలేదు. వచ్చినప్పుడు నువ్వు కూడా చెప్పకు.

భాను